మోటారు ప్రమాద నష్టపరిహారం (భారతదేశం)

మోటారు ప్రమాద నష్టపరిహారం అనగా మోటారు వాహనం వలన గాయపడిన వ్యక్తికి గానీ, మరణించిన వ్యక్తి కుటుంబానికి గానీ ఆ వాహనం యజమాని, వాహనానికి బీమా చేసిన సంస్థ చట్టప్రకారం చెల్లించవలసిన ధనం. భారతదేశంలో ఇది మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం నిర్ణయమవుతుంది. దీనిని విచారించే ప్రత్యేక న్యాయస్థానాన్ని మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ అంటారు. సాధారణంగా జిల్లా న్యాయమూర్తి లేదా అదనపు జిల్లా న్యాయమూర్తి దీనికి అధ్యక్షత వహిస్తారు. తెలుగు రాష్ట్రాల కోర్టులలో ఈ దరఖాస్తులను ఎం.వి.ఓ.పి. అనే పొడి అక్షరాలతో నమోదు చేస్తారు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. 4,43,366 మంది గాయపడ్డారు.

నష్టపరిహారం అంటే చేయి విరిగితే ఇంత, కాలు పోతే ఇంత అని ప్రభుత్వం పంచే సొమ్ము అని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. తప్పుతో నిమిత్తం లేకుండా ఇచ్చే కొన్ని స్థిరమైన మొత్తాలు ఉన్నప్పటికీ, అసలు పరిహారం ఆ గాయం ఆ వ్యక్తి బ్రతుకుతెరువును ఎంతమేరకు దెబ్బతీసిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఒకే గాయానికి ఇద్దరు వ్యక్తులకు వేరువేరు మొత్తాలు రావడానికి కారణం ఇదే.

చరిత్ర

పూర్వం ప్రమాద బాధితులు సివిల్ కోర్టులో దావా వేయవలసి ఉండేది. మరణించినవారి కుటుంబాలకు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఆధారం. కోర్టు రుసుము, ఏళ్ళ తరబడి సాగే విచారణ పేదలకు అందుబాటులో లేనివి. మోటారు వాహనాల చట్టం, 1939కు 1956లో చేసిన సవరణ ద్వారా ట్రిబ్యునళ్ళ ఏర్పాటుకు వీలు కలిగింది. 1982 సవరణతో డ్రైవరు తప్పు నిరూపించకపోయినా మరణానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు ఇచ్చే పద్ధతి వచ్చింది. 1989 జూలై 1న ప్రస్తుత చట్టం అమలులోకి వచ్చింది. 1994 సవరణ ఈ మొత్తాలను 50,000, 25,000 రూపాయలకు పెంచింది.

మోటారు వాహనాల సవరణ చట్టం, 2019లోని బీమా, పరిహార నిబంధనలు 2022 ఏప్రిల్ 1 నుండి అమలవుతున్నాయి. వీటి ప్రకారం 164వ సెక్షను కింద తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా మరణానికి 5 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు లభిస్తాయి. 166వ సెక్షను కింద డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపి పూర్తి పరిహారం కోరవచ్చు; దీనికి గరిష్ఠ పరిమితి లేదు. అయితే బీమా సంస్థతో పరిష్కారానికి ఒప్పుకొని 164వ సెక్షను కింద సొమ్ము స్వీకరించిన వ్యక్తికి 166 కింద వేసిన దరఖాస్తు రద్దయిపోతుంది. ఆసుపత్రి ఖర్చుల ఒత్తిడిలో ఉన్న కుటుంబానికి వెంటనే చేతికందే 2.5 లక్షలు పెద్ద మొత్తంగా కనిపించడం సహజం. కానీ చేయి కోల్పోయిన యువకుని విషయంలో ఆ సంతకం ఎంత ఖరీదైనదో కింద ఇచ్చిన లెక్కను చూస్తే తెలుస్తుంది.

ఎవరు, ఎక్కడ, ఎప్పటిలోగా

గాయపడిన వ్యక్తి స్వయంగా గానీ, అతని అనుమతితో మరొకరు గానీ దరఖాస్తు చేయవచ్చు. మరణించినవారి తరఫున చట్టబద్ధ వారసులు అర్హులు. గాయపడిన వ్యక్తి తరువాత వేరే కారణంతో మరణించినా అతని హక్కు వారసులకు సంక్రమిస్తుందని 2019 సవరణ స్పష్టం చేసింది. పని చేస్తుండగా ప్రమాదానికి గురైన ఉద్యోగి, కార్మికుల పరిహార నిబంధనలు గానీ మోటారు వాహనాల చట్టం గానీ ఏదో ఒక మార్గాన్నే ఎంచుకోవాలి.

ప్రమాదం జరిగిన చోట, దరఖాస్తుదారు నివసించే లేదా వృత్తి చేసుకునే చోట, లేదా ప్రతివాది నివసించే చోట ఉన్న ట్రిబ్యునల్లో దరఖాస్తు చేయవచ్చు. పాలమూరు నుండి పుణేకు పనికి వెళ్ళిన కూలీ అక్కడ ప్రమాదానికి గురై స్వగ్రామం చేరితే, మహబూబ్‌నగర్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చునన్నమాట. ఈ సౌకర్యం తెలియక వదులుకున్న కుటుంబాలు తక్కువేమీ కావు.

గడువు విషయంలో చట్టం పలుమార్లు మారింది. 1988 చట్టంలో ఉన్న ఆరు నెలల గడువును 1994 సవరణ తొలగించింది. 2022 ఏప్రిల్ 1 నుండి మళ్ళీ ఆరు నెలల గడువు వచ్చింది. దీని చెల్లుబాటును ప్రశ్నించే వ్యాజ్యాలలో, గడువు మీరిందన్న కారణంతో దరఖాస్తులను కొట్టివేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు కనుక ఆరు నెలలలోపు దరఖాస్తు చేయడమే క్షేమం.

పోలీసు నివేదికలు

2022లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటలలో తొలి ప్రమాద నివేదికను, 50 రోజులలో మధ్యంతర నివేదికను, 90 రోజులలో సవివర నివేదికను ట్రిబ్యునలుకు అందజేయాలి. బాధితులకు వారి హక్కులను తెలిపే పత్రం కూడా ఇవ్వాలి. పోలీసు నివేదికనే నష్టపరిహార దరఖాస్తుగా ట్రిబ్యునల్ స్వీకరించవలసి ఉంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ నియమాలను దేశమంతటా అమలు చేయాలని ఆదేశించింది.

నియమం ఇంత ఉదారంగా ఉన్నప్పటికీ కుటుంబం పోలీసుల మీదనే భారం వేసి కూర్చోవడం మంచిది కాదు. ప్రథమ సమాచార నివేదికలో వాహనం నెంబరు, ప్రమాదం జరిగిన తీరు సరిగా ఉన్నాయో లేదో వెంటనే చదివి చూసుకోవాలి. ఫిర్యాదు సాధారణంగా ఎవరో బంధువు కంగారులో చెప్పినదే అయి ఉంటుంది. ఆ నాలుగు వాక్యాలలో దొర్లిన పొరపాటును బీమా సంస్థ న్యాయవాది రెండేళ్ళ తరువాత సాక్షిని ప్రశ్నించేటప్పుడు తప్పక బయటకు తీస్తాడు. తప్పు కనిపిస్తే దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా తెలిపి, ఆ కాగితం నకలు దగ్గర ఉంచుకోవాలి.

డ్రైవరుపై నడిచే క్రిమినల్ కేసు వేరు, నష్టపరిహార విచారణ వేరు. క్రిమినల్ కేసులో నేరం సందేహాతీతంగా రుజువు కావాలి. ట్రిబ్యునల్లో సంభావ్యత ఎటు మొగ్గుతుందన్నది చూస్తే చాలునని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అందుచేత డ్రైవరు క్రిమినల్ కేసులో విడుదలైనంత మాత్రాన పరిహారం పోదు.

కాగితాల సేకరణ

ప్రమాదం జరిగిన తొలి వారాలలో ఇంట్లో ఎవరికీ కాగితాల మీద ధ్యాస ఉండదు. ఆ వారాలలో పుట్టే కాగితాలే తరువాత సాక్ష్యాలవుతాయి. ప్రభుత్వాసుపత్రి ఇచ్చే గాయాల ధ్రువపత్రం, ఎక్స్‌రేలు, డిశ్చార్జి పత్రం, మందుల రసీదులు, అంబులెన్సుకు లేదా ఆటోకు ఇచ్చిన కిరాయి వివరం, తోడుగా ఉన్నవారు పని మానుకున్న రోజుల లెక్క మొదలైనవన్నీ దాచుకోవాలి. మందుల దుకాణం రసీదులో రోగి పేరు, తేదీ లేకపోతే దానికి విలువ ఉండదు. వేడికి అచ్చు మాసిపోయే రసీదులను వెంటనే నకలు తీయించుకోవడం మంచిది. ఇవి గాక పోలీసుల నుండి ప్రథమ సమాచార నివేదిక, ప్రమాదస్థలి పంచనామా, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక, అభియోగపత్రం, వాహనపు బీమా వివరాలు తీసుకోవాలి. మరణం సంభవిస్తే శవపరీక్ష నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అవసరమవుతాయి.

చికిత్స విషయానికి వస్తే, 2025 మే 5న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం ప్రమాద బాధితునికి నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన నాటి నుండి 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల పరిమితితో చికిత్స లభిస్తుంది.

ఆదాయం నిరూపించడం అన్నిటికంటె కష్టమైన పని. జీతగాడికి జీతపు చీటీ ఉంటుంది. తాపీమేస్త్రికి, మగ్గం నేసేవానికి, తోపుడుబండి వర్తకునికి ఏముంటుంది? భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకంలోని జమలు, పని ఇచ్చిన గుత్తేదారు సాక్ష్యం, తోటి పనివారి సాక్ష్యం ఉపయోగపడతాయి. ఏదీ లేనప్పుడు ట్రిబ్యునల్ కనీస వేతనాలను దృష్టిలో ఉంచుకొని ఒక ఆదాయాన్ని ఊహించి లెక్క కడుతుంది. రైతు మరణించినప్పుడు పట్టాదారు పాసుపుస్తకం చూపితే చాలదు. భూమి కుటుంబానికి మిగిలే ఉంది కనుక, పోయినది అతని శ్రమ, పర్యవేక్షణ మాత్రమేనని కోర్టులు లెక్కిస్తాయి. ఇంటి పని చేసుకునే స్త్రీకి ఆదాయం లేదనే వాదన చెల్లదు; ఆమె శ్రమకు విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2010లోను, మళ్ళీ 2021లోను తీర్పు ఇచ్చింది.

వైకల్యం శాతం, సంపాదన నష్టం

గాయాల కేసులలో ముఖ్యమైన తీర్పు 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన రాజ్ కుమార్ తీర్పు. వైద్యుడు నిర్ణయించే వైకల్యపు శాతం వేరు, ఆ వైకల్యం వలన సంపాదనలో వచ్చే నష్టపు శాతం వేరు అని ఈ తీర్పు విడమరచి చెప్పింది. ఎడమచేయి తొలగించిన వ్యక్తికి వైద్యపరంగా సుమారు 60 శాతం వైకల్యం ఉందనుకుందాం. అతడు డ్రైవరు లేదా వడ్రంగి అయితే ఆ వృత్తి పూర్తిగా పోయినట్లే. నష్టం దాదాపు నూరు శాతం కావచ్చు. అతడే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం కొనసాగవచ్చు. అప్పుడు సంపాదన నష్టం స్వల్పం.

ఈ సూత్రం బాధితునికి రెండు వైపులా పనిచేస్తుంది. ఒక కాలికి 45 శాతం వైకల్యం అని ధ్రువపత్రంలో ఉంటే అది మొత్తం శరీరానికి 45 శాతం అని అర్థం కాదు. ధ్రువపత్రంలో అవయవానికా, శరీరానికా అన్నది స్పష్టంగా లేకపోతే ట్రిబ్యునల్ తక్కువ శాతమే తీసుకునే ప్రమాదం ఉంది. చికిత్స చేయకుండా ధ్రువపత్రాలు రాసి ఇచ్చే వైద్యుల సాక్ష్యాన్ని జాగ్రత్తగా పరిశీలించాలని కూడా ఆ తీర్పు హెచ్చరించింది. చికిత్స చేసిన వైద్యుని గానీ, వైద్య మండలిలోని వైద్యుని గానీ సాక్షిగా పిలిపించడం చాలా కేసులలో ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆ వైద్యుడు చెప్పవలసినది ఎముక ఎక్కడ విరిగింది అన్నది ఒక్కటే కాదు. ఈ మనిషి ఇకమీదట ఏ పని చేయగలడు, ఏ పని చేయలేడు అన్నది కూడా చెప్పాలి. నిచ్చెన ఎక్కగలడా, బరువు ఎత్తగలడా, గొంతుకు కూర్చోగలడా, క్లచ్ తొక్కగలడా అనే మామూలు ప్రశ్నలకే ఇక్కడ విలువ ఎక్కువ.

లెక్క ఈ విధంగా ఉంటుంది. 32 ఏళ్ళ తాపీమేస్త్రి నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తాడనుకుందాం. సంవత్సరానికి 1,80,000. స్వయంగా పని చేసుకునేవారికి 40 ఏళ్ళలోపు వయసులో భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు కనుక 2,52,000. ఆ వయసుకు గుణకం 16. లెక్కల తరగతిలో నేర్చుకున్న గుణకమే ఇది. ఇంకా ఎన్నేళ్ళ సంపాదనకు సమానమైన మొత్తాన్ని ఒకేసారి ఇవ్వాలో ఇది తెలుపుతుంది. నష్టం నూరు శాతమైతే 2,52,000ను 16తో గుణించగా 40,32,000 రూపాయలు వస్తుంది. వైద్య ధ్రువపత్రంలోని 60 శాతాన్నే యథాతథంగా తీసుకుంటే 24,19,200 రూపాయలు. అంటే వృత్తిని గురించిన సాక్ష్యం ఉండటానికి, లేకపోవడానికి మధ్య తేడా 16,12,800 రూపాయలు.

దీనికి అదనంగా చికిత్స ఖర్చు, రవాణా, పోషకాహారం, చికిత్సాకాలంలో కోల్పోయిన సంపాదన, భవిష్యత్తులో చేయించుకోవలసిన చికిత్స, నొప్పి-బాధ, జీవిత సౌఖ్యాలను కోల్పోవడం, వివాహ అవకాశాలు దెబ్బతినడం మొదలైన పద్దులు ఉంటాయి. దరఖాస్తులో కోరిన దానికంటె ఎక్కువ ఇవ్వడానికి కూడా ట్రిబ్యునలుకు అధికారం ఉందని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. న్యాయమైన పరిహారం ఇవ్వడమే చట్టం ఉద్దేశం కనుక అడగలేదన్న కారణంతో తగ్గించనవసరం లేదు.

మరణం సంభవించినప్పుడు

2009 నాటి సరళా వర్మ తీర్పు గుణకాలను స్థిరపరచింది. 15 నుండి 25 ఏళ్ళ వయసుకు 18. అక్కడి నుండి ఐదేసి ఏళ్ళకు వరుసగా 17, 16, 15, 14, 13 అని 50 ఏళ్ళ వరకు తగ్గుతుంది. 51-55 ఏళ్ళకు 11, 56-60కి 9, 61-65కి 7, ఆపైన 5. మృతుని సొంత ఖర్చుల కింద కొంత తీసివేస్తారు: అవివాహితునికి సాధారణంగా సగం, ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురుంటే మూడవ వంతు, నలుగురి నుండి ఆరుగురి వరకు నాలుగవ వంతు, అంతకు మించితే ఐదవ వంతు. 2017లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ప్రణయ్ సేఠీ తీర్పులో భవిష్యత్తు పెరుగుదల శాతాలను నిర్ణయించింది. స్థిరమైన ఉద్యోగికి 40 ఏళ్ళలోపు 50 శాతం, 40-50 మధ్య 30, 50-60 మధ్య 15. స్వయంగా పని చేసుకునేవారికి వరుసగా 40, 25, 10. ఆస్తి నష్టానికి 15,000, సాహచర్య నష్టానికి 40,000, అంత్యక్రియలకు 15,000 రూపాయలని చెప్పి, వీటిని మూడేళ్ళకొకసారి 10 శాతం పెంచాలన్నది. సాహచర్య నష్టం భార్యకే కాక పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుందని 2018లో మరొక తీర్పు వచ్చింది.

పై తాపీమేస్త్రి మరణించి, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి మిగిలితే 2,52,000లో నాలుగవ వంతు తీసివేయగా 1,89,000. దానిని 16తో గుణించగా 30,24,000 రూపాయలు వస్తుంది. బ్రతికి ఉండి పని చేయలేని మనిషికి లెక్కలో ఎక్కువ రావడం కొందరికి వింతగా తోస్తుంది. బ్రతికి ఉన్నవాడు తన తిండి, మందులు కూడా ఆ సొమ్ములోనే చూసుకోవాలి కనుక సొంత ఖర్చుల తీసివేత అతనికి వర్తించదు. మృతుని జీవిత బీమా సొమ్మును పరిహారంలోనుండి మినహాయించకూడదని 1998లో తీర్పు వచ్చింది.

బీమా సంస్థల అభ్యంతరాలు

ప్రతి మోటారు వాహనానికి మూడవ పక్షపు బీమా తప్పనిసరి. బీమా లేకపోతే పరిహారం యజమానే చెల్లించాలి. బీమా మినహాయింపు పొందిన రాష్ట్ర రవాణా సంస్థలపై అయితే దరఖాస్తు నేరుగా ఆ సంస్థ మీదనే వేస్తారు. తన సొంత నిర్లక్ష్యం వలన గాయపడిన వాహన యజమానికి మూడవ పక్షపు బీమా వర్తించదు. అతనికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా ఉండాలి.

డ్రైవరుకు సరైన లైసెన్సు లేదన్నది బీమా సంస్థల తరచు వాదన. ఇటువంటి కేసులలో చాలావరకు సంస్థ మొదట బాధితునికి చెల్లించి, తరువాత యజమాని నుండి వసూలు చేసుకోవాలని ఆదేశిస్తారు. తేలికపాటి వాహనపు లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోలలోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇవ్వడంతో ఈ వివాదం చాలావరకు సమసిపోయింది. ద్విచక్రవాహనంపై ముగ్గురు ప్రయాణించారన్న ఒక్క కారణంతో బాధితుని తప్పు కూడా ఉందని తేల్చరాదని 2020లో తీర్పు ఉంది. ఆ ముగ్గురి ప్రయాణం ప్రమాదానికి కారణమైనట్లు చూపాలి.

తెలుగు పల్లెలకు ఎక్కువగా సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. నాట్లకు, మిరపకోతకు వెళ్ళే కూలీలు ట్రాక్టరు ట్రక్కులలోను, సరకు రవాణా ఆటోలలోను ఎక్కుతారు. సరకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణీకులకు బీమా సంస్థ బాధ్యత లేదని 2002 నుండి న్యాయసూత్రం స్థిరపడింది. మిరప బస్తాలతోపాటు గుంటూరు యార్డుకు వెళ్ళే రైతు సరకు యజమాని కనుక అతనికి బీమా వర్తిస్తుంది. అదే వాహనంలో ఊరికే ఎక్కిన పొరుగువానికి వర్తించదు. కొన్ని కేసులలో సుప్రీంకోర్టు ఇటువంటివారికి కూడా ముందు చెల్లించి తరువాత వసూలు చేసుకోమని బీమా సంస్థను ఆదేశించింది. కూలీని వాహన యజమానే సరకు ఎత్తడానికి, దించడానికి నియమించుకున్నాడా లేక దారిలో ఎక్కించుకున్నాడా అన్నది, అందుకు తగిన బీమా రుసుము కట్టారా అన్నది ఇక్కడ కీలకం. ఫిర్యాదు రాసేనాడే ఈ విషయం ఉన్నదున్నట్లు రాయించాలి.

రాజీ, తీర్పు, అప్పీలు

సవివర నివేదిక అందిన తరువాత బీమా సంస్థ నియమించిన అధికారి 30 రోజులలో ఎంత చెల్లించగలరో తెలపాలి. దరఖాస్తుదారు ఒప్పుకుంటే రాజీగా నమోదు చేస్తారు. లేకుంటే విచారణ కొనసాగుతుంది. లోక్ అదాలత్‌లో కూడా రాజీ పడవచ్చు. అక్కడి నిర్ణయంపై అప్పీలు లేదు కనుక తన లెక్క తాను వేసుకోకుండా వెళ్ళడం తగదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని న్యాయవాది ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఆసుపత్రి వరండాలలో ఖాళీ కాగితాలపై సంతకాలు అడిగే దళారులకు దూరంగా ఉండాలి.

తీర్పు వెలువడిన 30 రోజులలో సొమ్ము జమచేయాలి. సాధారణంగా దరఖాస్తు తేదీ నుండి వడ్డీ ఇస్తారు. మైనర్ల వాటాను, చదువురాని వారి వాటాను బ్యాంకులో డిపాజిటు చేయించమని 1993లో సుప్రీంకోర్టు సూచించింది. అయితే అవసరం చూపినవారికి కూడా సొమ్ము విడుదల చేయకుండా యాంత్రికంగా బిగించరాదని 2012లో చెప్పింది. పిల్లల చదువుకు, చికిత్సకు ఆ సొమ్ము కావాలంటే కారణాలు చూపి దరఖాస్తు చేసుకోవాలి.

తీర్పుపై 90 రోజులలో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ కేసులు అమరావతిలోని హైకోర్టుకు, తెలంగాణ కేసులు హైదరాబాదులోని హైకోర్టుకు వెళతాయి. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు తక్కువైతే అప్పీలు లేదు.

వాహనం దొరకనప్పుడు

ఢీకొట్టిన వాహనం ఆచూకీ తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం ప్రకారం మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు లభిస్తాయి. అంతకుముందు ఇవి 25,000, 12,500 రూపాయలు మాత్రమే. దీనికి ట్రిబ్యునలుకు వెళ్ళనవసరం లేదు. ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇస్తే, ఆయన విచారణ నివేదికపై జిల్లా కలెక్టరు మంజూరు చేస్తారు. తరువాత ఆ వాహనం దొరికి ట్రిబ్యునల్ పరిహారం ఇచ్చినట్లయితే, ఈ పథకం కింద తీసుకున్న మొత్తాన్ని అందులోనుండి తిరిగి చెల్లించవలసి ఉంటుంది.